వదిన వీపు మీద నా కాలు

ఈ బరువును ఎక్కడ దించుకోవాలో తెలియక చాలా ఏళ్లుగా మోస్తున్నాను. ఇంట్లో చెప్పలేను. చర్చిలో మోకాళ్లూని చెప్పబోయి, పక్కవాళ్లు వింటారని మింగేశాను. నన్ను ఎరగని మీకైతే చెప్పగలనేమో. మా ఆడబిడ్డ సుగుణమ్మ చావులో నా చెయ్యి ఉంది. చెయ్యి కాదు, కాలు.

మాది బేతంచెర్ల. నేను ఎదురుకాళ్లతో పుట్టానట. అలా పుట్టినవాళ్లు కాలితో మూడుసార్లు తాకితే నడుం పట్టు, వీపు పట్టు విడిచిపోతాయని మావైపు నమ్మకం. బండల పాలిష్ ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడవాళ్లకు ఈ పట్లు మామూలే. ఒకప్పుడు పొద్దున్నే మా అరుగు మీద వచ్చి కూర్చునేవాళ్లు. నాకు ఉద్యోగం లేదు, సద్యోగం లేదు, కానీ నా కాలికి ఒక మర్యాద ఉండేది. తర్వాత మందుల షాపుల్లోకి నొప్పి స్ప్రేలు వచ్చాయి. వచ్చేవాళ్లు తగ్గారు. నవ్వితే నవ్వండి, దానికి నేను లోలోపల ఏడ్చేదాన్ని.

ఆ రోజు సుగుణ వదిన ఫ్యాక్టరీ నుంచి పని మధ్యలోనే వచ్చింది. మనిషి మనిషిలా లేదు. రవిక చెమటకు తడిసి ముద్దయింది. ముట్టుకుంటే ఒళ్లు చల్లగా ఉంది.

"వీపు నడిమధ్యలో పిండినట్లుండాది మే. దవడ గూడా లాగుతాంది. ఈ ఎడం చెయ్యి మొద్దుబారినట్లుండాది" అంది.

"బండలెత్తినావు గదా వదినా, పట్టేసింటాది. పండుకో, కాలేస్తా."

"ఇది ఆ నొప్పి కాదు మే. శానా తేడాగా ఉండాది. వాంతి వచ్చేట్లుండాది. ఆటో పిలువు, ఆస్పత్రికి పోదాం."

"ఆడ సూదేస్తారు. సూదేసినాక నా కాలు పనిచెయ్యదు. ముందు పండుకో."

నిలబడే ఓపిక లేక బోర్లా పడుకుంది.

తెలియక చేశాననుకుంటున్నారేమో. కాదు. అంతకు కొన్నాళ్ల ముందే మా పొదుపు సంఘం మీటింగుకు ఒక నర్సమ్మ వచ్చి, గుండెపోటంటే ఛాతీ పట్టుకుని పడిపోవడం ఒక్కటే కాదని, ఆడవాళ్లకు ఒక్కోసారి వీపులోనో దవడలోనో చేతిలోనో నొప్పిగా మొదలవుతుందని, చల్లటి చెమటలు, వాంతి, ఆయాసం ఉంటే ఒక్క నిమిషం కూడా ఆగకుండా 108కి ఫోన్ చేయాలని చెప్పింది. నేను ముందు వరసలో కూర్చుని విన్నాను. వదిన ఒక్కొక్కటే చెబుతుంటే ఆ మాటలు గుర్తొచ్చాయి. గుర్తొచ్చాయండీ! అయినా నూనె కాచి రాశాను. ఉప్పు మూటతో కాపడం పెట్టాను. అరగంట పైనే గడిచి ఉంటుంది. ఎందుకు? చాలాకాలానికి నొప్పితో నా గడప తొక్కిన మనిషి ఆస్పత్రిలో బాగుపడితే, నాకున్న ఆ కాస్త పేరూ పోతుందనా? అంత చిన్నదాని కోసమా? తలచుకుంటే ఇప్పటికీ దిమ్మెరపోతాను.

ఆ తర్వాత కాలు పెట్టాను. మూడోసారికి, నా పాదం కింద ఆమె వీపు కదలడం ఆగిపోయింది. ఊపిరి ఆగడం నా కాలికి తెలిసింది. కాలు తీయాలన్న ధ్యాస కూడా లేకుండా అలాగే నిలబడిపోయాను.

వెల్లకిలా తిప్పితే కళ్లు తెరిచే ఉన్నాయి. నీళ్లు చల్లాను, అరిచాను, వీధిలోకి పరుగెత్తాను. అప్పుడు ఆటో పిలిచాను. ఆస్పత్రిలో డాక్టరు పరీక్ష చేసి, ప్రాణం పోయిందని చెప్పి, నొప్పి ఎప్పుడు మొదలైందని అడిగాడు. ఇంట్లోకి వస్తూనే పడిపోయిందని చెప్పాను. ఎవరూ నేర్పని అబద్ధం, తడబాటు లేకుండా నోట్లోంచి వచ్చేసింది. ఊరంతా దాన్నే నమ్మింది. ఎంత మంచి చావు, బాధ పడకుండా పోయింది అన్నారు. నేను తల ఊపాను.

అక్కడితో ఆగినా ఇంత కుమిలిపోయేదాన్ని కాదేమో. వదిన కూతురు రాణి ఆ పొద్దున సెల్‌ఫోన్ కోసం తల్లితో గొడవపడిందట. నోటికొచ్చినట్లు మాట్లాడిందట. ఏటా జ్ఞాపకార్థ కూడిక అయ్యాక నా ఒళ్లో తలపెట్టి ఏడుస్తుంది.

"నేనన్న మాటకే మాయమ్మ గుండె ఆగిపాయ అత్తా" అంటుంది.

నేను తల నిమురుతాను. కాదమ్మా అని ఒక్కసారి కూడా అనలేదు. అంటే, మరెందుకు పోయిందని అడుగుతుంది కదా! ఇప్పుడు ఆ పిల్లకూ ఒక పిల్ల. ఆ బిడ్డను గట్టిగా ఒక్క మాట అనదు. ఏమన్నా అయిపోతుందని భయం. ఆ భయం పెట్టింది నేనే.

ఇప్పుడు ఎవరికీ కాలు వేయను. మోకాళ్ల నొప్పులని చెబుతాను. వీపు నొప్పనీ చెమటలనీ ఎవరు వచ్చినా కూర్చోబెట్టకుండా, నేనే ఫోన్ చేసి ఆస్పత్రికి పంపిస్తాను. దానివల్ల వదిన తిరిగిరాదు. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు, ఆ హక్కు మీకూ లేదు.

రాణి మాట వల్ల సుగుణమ్మ చనిపోలేదు. ఆస్పత్రికి పోదామంటే నేను తీసుకుపోలేదు. ఈ రెండు ముక్కలు నోరు తెరిచి ఆ పిల్లతో అనే ధైర్యం నాకు ఇంకా రాలేదు. రాసే ధైర్యం మాత్రం ఇవాళ వచ్చింది.