కొలోన్ చర్చిలో లీలాకుమారి

“...నవ్వలేదని నేను అన్నానా? నవ్వాను. అంతేగానీ ఆ చర్చిలో తీసిన ఫొటో ఎవరికీ చూపించలేదు,” అంటున్నాడు లీలాకుమారి భర్త ఏసురత్నం.

“చూపించకపోతే సంఘపెద్ద ఇస్రాయేలుగారు నన్ను చూసినప్పుడల్లా ఎందుకండీ దగ్గుతున్నారు? జనం రాకముందే దాన్ని తీసెయ్యండి.”

“తీసేస్తాలే.”

“తర్వాత కాదు. ఇప్పుడే, నా ఎదురుగా.”

మస్కట్‌లోని అల్ హైల్‌లో వాళ్ల ఫ్లాటు తలుపు ఓరగా తీసి ఉంది. బుధవారం సాయంత్రం ప్రార్థనకు అరగంట ముందే వచ్చిన సెలిన్, గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతూ ఈ మాటలన్నీ విన్నది. విన్నది ఇంకెవరైనా అయితే లీలాకుమారికి అంత కష్టం ఉండేది కాదు. వాళ్ల తెలుగు క్రైస్తవ సంఘంలో స్త్రీల సమాజానికి, ఇక్కడ సెలవురోజైన శుక్రవారం, ఆరాధనకు ముందు అధ్యక్షురాలిని ఎన్నుకోవాలి. పదకొండేళ్లుగా ఆ పదవి లీలాకుమారిదే. ఎదురు నిలబడాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాలేదు. ఈసారి సెలిన్ నిలబడింది.

లీలాకుమారిది పాలకొల్లు దగ్గర చిన్న ఊరు. నర్సుగా మస్కట్ వచ్చి ఇరవై ఆరేళ్లయింది. ఆమె వార్డులో దుప్పటి అంచు వంకరగా ఉండదు. సంఘంలోనూ అంతే. ఆలస్యంగా వచ్చినవాళ్లను ఏమీ అనదు. గోడ గడియారం వంక ఒకసారి చూస్తుంది. ఏ అమ్మాయి తలమీద ముసుగు జారినా, పాట ఆపకుండానే వెనక నుంచి వెళ్లి సర్దేసి వస్తుంది. చిన్న నర్సులు ఆమెను ప్రేమిస్తారు. వెనక వరుసలో కూర్చోవడానికి మాత్రం ఇష్టపడరు, ఆమె నడిచేది అక్కడే కాబట్టి.

పోయిన నెలలో భార్యాభర్తలిద్దరూ టూర్ కంపెనీ బస్సులో యూరప్ తిరిగి వచ్చారు. ఏడు రోజులు, నాలుగు దేశాలు. వాటిలో ఆమె కోరి చూసింది జర్మనీలో కొలోన్ నగరంలోని పెద్ద చర్చి ఒక్కటే. దాని ముందు బస్సు నలభై ఐదు నిమిషాలు ఆగింది.

ప్రార్థన అయింది. టీ కప్పులు అందరి చేతుల్లోకీ వచ్చాయి. చర్చి సంగతులు చెప్పమని ఎవరో అడిగారు. లీలాకుమారి సిద్ధంగానే ఉంది. కట్టడం మొదలుపెట్టాక పూర్తి కావడానికి ఆరు వందల ఏళ్లకు పైగా పట్టిందని చెప్పింది. కొబ్బరితోటలో వెల్లకిలా పడుకుని చూస్తే మట్టలన్నీ పైన కలుసుకున్నట్టే, అక్కడ రాతి స్తంభాలు సన్నగా పైకి పోయి, చీలి, కప్పు దగ్గర కలుసుకుంటాయని చెప్పింది. కిటికీల రంగుటద్దాల గుండా పడిన ఎండలో తన చీర ఏ రంగుదో తనకే తెలియలేదన్నది. అక్కడికి ఆపేసింది.

సెలిన్ బిస్కెట్టు టీలో ముంచుతూ మెల్లగా అడిగింది. “అక్కడ కూడా చెప్పులు బయటే విప్పాలా ఆంటీ?”

ఏసురత్నం తల ఎత్తి ఫ్యాను వంక చూశాడు.

లీలాకుమారి కప్పు కింద పెట్టింది. విప్పాలని ఎవరూ చెప్పలేదని ఒప్పుకుంది. దేవుని మందిరంలోకి చెప్పులతో వెళ్లడం పుట్టి బుద్ధెరిగాక ఎరగదు. బయట చెప్పుల స్టాండు కనపడకపోతే, వాటిని ప్లాస్టిక్ కవర్లో చుట్టి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది. పైట తలనిండా కప్పుకుని లోపలికి నడిచింది. ఎర్ర అంగీ వేసుకున్న పెద్దమనిషి ఎదురొస్తే బిషప్‌గారనుకుని చేతులు జోడించింది. ఆయన ఆమె పాదాలు చూపించి ఏదో చాలాసేపు చెప్పాడు. ఆశీర్వాదం అనుకుని ఆమె ఆమేన్ అన్నది. ఆయన కావలివాడని తర్వాత గైడు చెప్పాడు.

లోపలి జనాన్ని చూసి ఆమె ప్రాణం విలవిల్లాడింది. టోపీలు తియ్యని మగవాళ్లు, ముసుగుల్లేని ఆడవాళ్లు. అందరికంటే ఘోరం ఒక పిల్ల: మోకాళ్ల పైకి నిక్కరు, కత్తిరించిన జుట్టు, నోట్లో చూయింగ్ గమ్. లీలాకుమారి సగం చర్చి ఆ పిల్ల వెనకే నడిచింది. పైట కప్పడానికి ఆ పిల్లకు పైటే లేదు. ఈలోగా చల్లటి రాతికి అరికాళ్లు మొద్దుబారాయి, మోకాళ్లు పట్టేశాయి. మన ఊళ్లో ఆడవాళ్లు కూర్చున్నట్టే ఒక స్తంభం పక్కన నేలమీద చతికిలబడింది. కళ్లు మూసుకుని, అరచేతులు ఒళ్లో వెల్లకిలా పెట్టి, ఆ పిల్లకు బుద్ధినివ్వమనే ప్రార్థన మొదలుపెట్టింది.

చేతిలో చల్లగా ఏదో పడింది.

కళ్లు తెరిస్తే ఆ పిల్లే. వంగి, రెండు చేతులతో నాణెం పెట్టింది. ప్రార్థన చెడకూడదనేమో, మునివేళ్లమీద నడుస్తూ వెళ్లిపోయింది.

“ఆ వంగినప్పుడే ఈయన ఫొటో తీశారు,” అన్నది లీలాకుమారి.

పైటకొంగులు నోళ్లకు అడ్డం వెళ్లాయి. ఒకామె చేతిలో టీ ఒలికింది. అందరికంటే ఎక్కువ నవ్వింది సెలినే. నవ్వి, కళ్లు తుడుచుకుని, లీలాకుమారి పక్కకు జరిగి కూర్చుంది.

“ఈ గది దాటి పోదులెండి ఆంటీ. నేనైతే శుక్రవారం నోరెత్తను.”

“నువ్వు ఎత్తక్కర్లేదమ్మా,” అన్నది లీలాకుమారి. “ఎన్నిక ఆరాధన తర్వాత పెట్టమని పాస్టర్‌గారికి ఫోన్ చేస్తాను. ముందు ఆరాధనలో సాక్ష్యం చెప్పేటప్పుడు ఇదంతా అందరి ముందూ నేనే చెప్తాను. అది విన్నాకే ఓట్లు వెయ్యండి.”