సువార్తమ్మ పులుసు

పొయ్యి వెలిగించే ముందు సువార్తమ్మ కొంగు నెత్తిమీదికి లాక్కుని, కళ్లు మూసుకుని, "ప్రభువా, ఈ పూట కూడా నా చేతిలో నువ్వుండాలి" అంటుంది. ఆ తర్వాత కొల్లేటి కొర్రమీను ముక్కలకి ఉప్పూ పసుపూ పట్టించి, చింతపండు పిసికి, పులుసు చిక్కబడేదాకా అక్కణ్నుంచి కదలదు. గొంతు క్యాన్సర్‌కి ఏలూరు ఆసుపత్రిలో రేడియేషన్ కరెంటు పెట్టించిన దగ్గర్నుంచి ఆమె భర్త ప్రకాశరావుకి నోటికి రుచి తెలియడం లేదు. రెండు ముద్దలు కష్టంగా మింగి కంచం తోసేస్తాడు. అయినా ఈ నాలుగు నెలల్లో ఆమె ఒక్కపూట కూడా వంట మానలేదు.

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి పెద్దాడపడుచు దీనమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. "నాలుక చచ్చినవాడికి పులుసులెందుకు సువార్తా? కాస్త గంజి పొయ్యి. నువ్వూ గుండె రాయి చేసుకోవాలి" అంది. సువార్తమ్మ లోపల మంచం మీదున్న మనిషికి కూడా వినపడేలా, "గంజి పోసేది పోయేవాళ్లకండీ వదినగారూ. ఆయన భోంచేస్తారు. దేవుడు చాలు అనేదాకా నేను వండుతూనే ఉంటాను" అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నం తనే ముద్ద కలిపి భర్త నోట్లో పెట్టింది. ప్రకాశరావు నమిలాడు. ఆగాడు. మొహం చిట్లించి, "ఉప్పెక్కువేశావే" అన్నాడు.

దీనమ్మ అరుగు మీంచి లేచి గుమ్మం దగ్గరికి వచ్చింది. చెంపల మీద నీళ్లు కారుతున్నా తుడుచుకోకుండా సువార్తమ్మ ఇంకో ముద్ద కలిపింది.

"ఎక్కువేం కాలేదండీ, తినండి" అంది.