నూటేడు కోట్ల రంగుల పెసరట్టు

మొన్న ఆదివారం నేను పెసరట్లు మాడ్చేశాను. ఒకటీ రెండూ కాదు, స్టాల్ మొత్తం! అదీ పొయ్యి దగ్గరికి కూడా వెళ్లకుండా!

మేం దేశం దాటొచ్చి ఉంటున్న బుకిట్ పంజాంగ్‌లో మా పక్క ఫ్లాట్ లక్ష్మి ఆంటీది. ఆవిడ బెడోక్‌లో జరిగే ఫుడ్ ఫెయిర్‌లో మొదటిసారి స్టాల్ పెడుతున్నారు. అంకుల్ ముందే చెప్పేశారట: "పిండి మిగిలి ఇంటికొచ్చిందో, ఇంక స్టాల్ మాటెత్తొద్దు." అంటే బ్యానర్ చూసి జనం ఆగాలి.

"బ్యానర్ నాకొదిలేయండి ఆంటీ!" అన్నాను. నన్నెవరూ అడగలేదు.

నా ధీమా అంతా కొత్త మానిటర్ మీద. మామూలుగా ఎనిమిది బిట్ల రంగు, అంటే కోటీ అరవై ఏడు లక్షల రంగులు. నాది పది బిట్లు. నూటేడు కోట్లు! ఇన్ని రంగులు పెట్టుకుని తక్కువలో ఎందుకు బతకాలి? సెట్టింగ్స్ తెరిచాను. పది బిట్లు అక్కడ లేవు. లెక్కేస్తే సెకనుకు దాదాపు పదిహేను గిగాబిట్లు కావాలి, నా పాత కేబుల్ మోసేది పద్నాలుగున్నర లోపే. కలర్ ఫార్మాట్ మారిస్తే సరిపోతుందని తేలింది. మార్చాను. పది బిట్లు వచ్చాయి! దాంతోపాటు సిగ్నల్ రేంజ్ "ఫుల్" నుంచి "లిమిటెడ్"కి దిగింది. దిగనీ, నాకు కావాల్సింది పదే కదా!

ఆంటీ తీసిచ్చిన వంటల ఫొటోలు తెరిస్తే అన్నీ వెలిసిపోయినట్టున్నాయి. నలుపు బూడిదలా ఉంది. తప్పు ఆంటీ వంటింటి ట్యూబ్‌లైట్‌దే అనుకున్నాను. ఒక్కో ఫొటోనీ ముదురు చేశాను. ఇంకొంచెం. ఇంకొంచెం.

"ఓసారి ఫోన్‌కి పంపు నాయనా, చూస్తాను" అన్నారు ఆంటీ.

"ఈ క్వాలిటీ ఫోన్‌లో ఏం తెలుస్తుంది ఆంటీ! ప్రింట్‌లో చూడండి."

ఆదివారం పొద్దున బ్యానర్ విప్పాం. పెసరట్టు బొగ్గు పలక. గుత్తివంకాయ సరేసరి, చీకట్లో కలిసిపోయింది. ఇడ్లీ ఒక్కటే ప్రాణాలతో బయటపడింది.

ఆంటీ పెసరట్టు బొమ్మని వేలితో గీకి చూశారు. "నా పెనం మీద ఇన్నేళ్లలో ఒక్కటీ మాడలేదురా కార్తీక్. నువ్వు మౌస్‌తో మాడ్చేశావు."

వాళ్లమ్మాయి నిత్య అదే ఫైల్ ఫోన్‌లో తెరిచింది. "ఫోన్‌లో కూడా చావ్‌తా లా, అన్నా!" చావ్‌తా అంటే ఇక్కడివాళ్ల మాటలో మాడిపోయిందని, లా వాళ్ల ఊతపదం. అప్పుడు వెలిగింది నాకు. కంప్యూటర్ పంపేది లిమిటెడ్, అందులో నలుపు కాస్త పైనుంచి మొదలవుతుంది; మానిటర్ మాత్రం ఫుల్ వస్తోందనుకుని ఆ నలుపుని బూడిదగా చూపిస్తోంది. పాలిపోయింది నా స్క్రీన్! ఫొటోలు ముందునుంచీ బాగానే ఉన్నాయి.

జనం వస్తున్నారు, బ్యానర్ చూస్తున్నారు, పక్క స్టాల్‌కి పోతున్నారు. రెండు పెద్ద గిన్నెల పిండి అలాగే ఉంది. ఆంటీ వేడివేడి పెసరట్టు ప్లేట్‌లో పెట్టి నా చేతికిచ్చారు. "వెళ్లి ముందు నిలబడు. ఇవాళ నువ్వే బ్యానర్‌వి."

నిలబడ్డాను. "రియల్ కలర్! రియల్ కలర్!" అని అరిచాను. అల్లం వాసనకి ఒకరు ఆగారు, తర్వాత నలుగురు. మధ్యాహ్నానికి ఒక గిన్నె ఖాళీ, రెండోదాంట్లో అడుగు మాత్రమే మిగిలింది.

అప్పుడొచ్చాడు ఒక కుర్రాడు, బ్యానర్ వైపు వేలు చూపిస్తూ. "చార్‌కోల్ దోశ వన్, ప్లీజ్!" బొగ్గుపొడి కలిపిన నల్ల బన్నులు ఇక్కడ ఫ్యాషన్ మరి.

"ఏం కావాలంటాడు?" అన్నారు ఆంటీ.

"బొమ్మలో ఉన్నదే కావాలట ఆంటీ."

ఆంటీ నన్ను చూశారు. పిండి గిన్నె చూశారు. మిగిలిన పిండి పెనం మీద పోసి, పళ్లు బిగించి మంట పెంచారు. నల్లగా మాడేదాకా అట్టు తీయలేదు.

కుర్రాడు ఒక ముక్క తిన్నాడు. అట్టుని బ్యానర్ పక్కన పట్టుకుని ఫొటో తీసుకున్నాడు. "వా! సేమ్ లైక్ పిక్చర్!"

చూశారా, నా రంగుల్లో తప్పేం లేదు. వంటే కాస్త మార్చాల్సొచ్చింది!