ఫోటోలో ఉన్నవాళ్ళు అన్నం తినరు

కామారెడ్డిలో ఒక పిల్లల హోంలో నేను చాలా ఏళ్ళు ఆయాగా పనిచేశాను. నా ఊరు ఎల్లారెడ్డి. పొద్దున బస్సెక్కి వచ్చి, పొద్దుగూకే వేళకు ఇంటికి పోయేదాన్ని. అక్కడి పిల్లల పలకల మీదే నేనూ అక్షరాలు దిద్దాను, యాభై దాటిన తర్వాత. అందరూ మెచ్చుకున్నారు. ఆ చదువును చూపించుకోబోయి నేను చేసిన తప్పు ఇది.

హోంలో ఐదేళ్ళ పాప ఒకతె ఉండేది. పది నెలల వయసులో వచ్చి నా చేతుల మీదే నడక నేర్చింది. ఇటలీ నుంచి ఒక జంట ఆమెను దత్తతకు కోరారు. కాగితాలు నడుస్తుండగా వాళ్ళొక ఆల్బం పంపారు. ఫోటోల కింద ఎవరితోనో తెలుగులో రాయించారు. ‘ఇది అమ్మ’, ‘ఇది నాన్న’, ‘ఇది నీ మంచం’. పాపకు చదివి వినిపించే పని నేనే అడిగి తీసుకున్నాను. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదివేదాన్ని. పాప కంటే నాకే సంబరం ఎక్కువ.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. పిల్లలు చింపేస్తారని, ఆల్బంలోంచి ఆ భార్యాభర్తల పెద్ద ఫోటో తీసి, అద్దం ఫ్రేము కట్టించి, పిల్లలు పడుకునే హాల్లో దేవుడి పటాల పక్కన మేకుకు తగిలించాను. శుక్రవారం పటాలు తుడిచి బొట్లు పెట్టేటప్పుడు దానికీ పెట్టాను. ఆయనకొకటి, ఆమెకొకటి. పాప పక్కనే నిలబడి చూసింది.

వాళ్ళు మొదటిసారి పిల్లను చూడటానికి ఐదు రోజులకని వచ్చారు. ఆ ఐదు రోజుల్లో పాప వాళ్ళకు అలవాటు పడిందా లేదా అన్నది మా ఇంచార్జి మేడం రాసి పైకి పంపాలి. పాప దగ్గరికి రాకపోతే వాళ్ళు వెనక్కి తగ్గవచ్చు. అంత పెద్ద పిల్లను మళ్ళీ ఎవరైనా అడుగుతారన్న నమ్మకం మాకెవరికీ లేదు. చిన్న పిల్లలనే అడుగుతారు. ఇది తెలుసు కాబట్టే ఆ పొద్దున గదికీ గేటుకూ మధ్య ఎన్నిసార్లు తిరిగానో నాకే తెలియదు.

కారు దిగి హాల్లోకి వచ్చారు. ఆయన తలుపుకు తల తగిలేంత పొడుగు. ఆమెది పొట్టి జుట్టు, నవ్వు ముఖం. పాప నా కొంగు పట్టుకుని ఉంది. వాళ్ళ ముఖాలు చూసింది, గోడ మీది ఫ్రేము చూసింది, ఒక్క కేక పెట్టి మంచం కిందికి దూరింది.

“తెల్లటోళ్ళను చూసి జడుసుకున్నది,” అంది మేడం. “గంట సేపైతే సల్లబడ్తది.”

గంట కాదు, ఆ రోజంతా బయటికి రాలేదు. వచ్చినవాళ్ళ ముందు లడ్లు, మురుకులు, చాయ్ పెట్టాం. చేతులు జోడించి వద్దన్నారు. బయటి తిండి ముట్టొద్దని వాళ్ళ డాక్టరు చెప్పాడట. పెట్టిన ప్లేట్లు పెట్టినట్టే ఉన్నాయి. పాప మంచం కింది నుంచి ఆ ప్లేట్ల వైపే చూస్తోంది. ఆకలేమో అనుకుని ఒక లడ్డు అందిస్తే తీసుకోలేదు.

రెండో రోజూ అంతే. ఆమె నేల మీద బోర్లా పడుకుని మంచం కిందికి ఒక కుందేలు బొమ్మను నెట్టింది. పాప దాన్ని కాలితో బయటికి తన్నింది. ఆయన సబ్బు బుడగలు ఊదాడు. మిగతా పిల్లలంతా ఎగబడ్డారు, మా పిల్ల తప్ప. మధ్యాహ్నం ఆమె వరండాలో గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకోవడం చూశాను. నాకు కాలు నిలవలేదు. ఉతికిన బట్టలే మళ్ళీ ఉతికాను.

“అవ్వా, రేపు గూడ గిట్లనే ఉంటే నేను కాయిదంల ఏం రాయాలె?” అంది మేడం.

“రాసుడు తర్వాత మేడం. ముందుగాల నన్ను పిల్లతోని మాట్లాడనియ్యుండ్రి.”

“ఇన్ని దినాలు మాట్లాడింది నువ్వే గద.”

ఆ మాట గుచ్చుకుంది. నిజమే కాబట్టి ఇంకా గుచ్చుకుంది.

మూడో రోజు పొద్దున, వాళ్ళింకా రాకముందు, జడ వేస్తూ పాపను అడిగాను.

“ఎందుకు బిడ్డా, గాళ్ళంటే గంత భయం?”

“గాళ్ళు సచ్చిపోయిన్రు గద.”

“ఎవరన్నరే?”

“నువ్వే. బొట్టు పెట్టినవ్. మీ ఇంట్ల తాతకు పెట్టినవ్ గద, గట్లనే.”

దువ్వెన జుట్టులోనే ఆగిపోయింది. అంతకు ముందటేడు పెత్తరమాస నాడు మేడంను అడిగి పాపను ఒక పూటకు ఎల్లారెడ్డి తీసుకుపోయాను. పోయినవాళ్ళకు అన్నం పెట్టే రోజు అది. చనిపోయిన మా ఆయన ఫోటోకు బొట్టు పెట్టి, ముందు విస్తరిలో అన్నం, గారెలు, కూర వడ్డించాను. తాత ఎందుకు తింటలేడని పాప అడిగింది. “ఫోటోలకు పోయినోళ్ళు తినరు బిడ్డా,” అన్నాను. అప్పుడు నాకది మంచి జవాబులాగే అనిపించింది.

“మరి లడ్డు పెడితే గాళ్ళు తిన్నరా?” అంది పాప. “తినలే. నేను చూసిన.”

పిల్ల ఆలోచన ఎక్కడా తప్పలేదు. తప్పంతా నాది. ‘ఇది అమ్మ, ఇది నాన్న’ అని నెలల తరబడి చదివి, ఆ అమ్మానాన్నలను నేనే చంపి గోడకు తగిలించాను. వాళ్ళు బతికే ఉన్నారని చెప్తే పాప నా ముఖం కూడా చూడలేదు. చెప్పింది నేను కదా, ఎందుకు నమ్ముతుంది.

దాచడం నాకు చేతకాదు. మేడం దగ్గరికి పోయి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆమెకు నవ్వాలో తిట్టాలో తెలియలేదు.

“నీ సదువు సల్లగుండ,” అంది చివరికి. “ఇప్పుడేం జేద్దాం మరి?”

“ఏమున్నది. గాళ్ళను తినమని చెప్పుండ్రి.”

“డాక్టరు వద్దన్నడంట గద అవ్వా.”

“పిల్ల గావాల్సింది డాక్టరుకా, గాళ్ళకా?”

వాళ్ళు రాగానే మేడం ఇంగ్లీషులో అంతా చెప్పింది. చెప్తున్నంతసేపూ ఆయన భార్య నన్నే చూసింది. కోప్పడుతుందనుకున్నాను. లేచి వచ్చి, పాప మళ్ళీ దాక్కున్న మంచానికి ఎదురుగా నేల మీద కూర్చుంది. ఆయన కాళ్ళు మడవలేక చాపుకునే కూర్చున్నాడు.

జొన్నరొట్టెలు కాల్చి, వంకాయ కూర వేసి పెట్టాను. పొయ్యి మీది నుంచి దించిన వేడి తిండి కడుపుకేమీ చేయదని నా ధైర్యం. కారం తగ్గించాలన్న మాట మాత్రం తట్టలేదు. ఆయన మొదటి ముక్కకే దగ్గాడు. ముక్కు ఎర్రబడింది, కళ్ళ నుంచి నీళ్ళు కారాయి. అయినా నమలడం ఆపలేదు. ఆమె ఒక ముక్క మింగి, నోరు తెరిచి చేత్తో విసురుకుంది.

మంచం కింది నుంచి తల బయటికి వచ్చింది.

“తింటున్నడు,” అంది పాప.

“తింటున్నడు. ఏడుస్తున్నడు గూడ. సచ్చిపోయినోళ్ళు ఏడుస్తరా?” అన్నాను.

పాప పాక్కుంటూ వచ్చి, ఆయన గొంతు దగ్గర ముఖం పెట్టి, నమిలింది కిందికి దిగడం చూసింది. ఒక ముక్క తుంచి ఆయన నోట్లో పెట్టింది. అదీ దిగింది. ఇంకొకటి పెట్టింది. ఆయన వద్దనలేదు. తర్వాత పాప ఆమె చేయి గిచ్చింది, గట్టిగానే. ఆమె మూలిగింది. పాప ఇంకోసారి గిచ్చింది. ఆమె పాప బుగ్గను మెల్లగా గిచ్చింది. అప్పుడు నవ్వింది మా పిల్ల.

ఆ తర్వాత వాళ్ళను వదల్లేదు. ఆయనకు నాలుగో రోజు కడుపు పాడైంది. అయినా వచ్చి, పాప పెట్టిందల్లా తిన్నాడు.

ఇక నా మనసు కుదుటపడాలి. పడలేదు. వాళ్ళు ముగ్గురూ వరండాలో ఆడుకుంటుంటే నేను పనేమీ లేకుండా అటూ ఇటూ తిరిగాను. పిల్ల గురించి ఏం తెలుసుకోవాలో చెప్పమని ఆమె మేడంతో అడిగించింది.

“నిద్రల పండ్లు కొరుకుతది,” అన్నాను. “జరమొస్తే చెప్పది, మూలకు కూసుంటది. చెవిల నూనె పోయొద్దు, చీము పడ్తది.”

అన్నీ పుస్తకంలో రాసుకుని, ఇంకా ఏమైనా ఉందా అన్నట్టు కలం పట్టుకుని చూసింది. ఇంకా చాలా ఉంది.

“గంతే,” అన్నాను.

ఐదో రోజు సాయంత్రం వాళ్ళ కారు కదిలింది. కాగితాలు పూర్తయ్యాక మళ్ళీ వచ్చి తీసుకుపోతారని పాపకు చెప్పాం. వింటేగా. గేటు చువ్వలు పట్టుకుని ఏడ్చింది. ఎత్తుకుంటే నా పక్కటెముకల మీద తన్నింది.

“నువ్వొద్దు. గాళ్ళను పిలువు.”

“చూసినవా అవ్వా, అలవాటయింది,” అంది మేడం.

“అయింది మేడం. రాయుండ్రి.”

ఈ ఏడుపు కోసమే ఐదు రోజులు కాలుగాలిన పిల్లిలా తిరిగాను. తీరా వచ్చాక వినలేకపోయాను. మేడం లోపలికి పోయింది. నా బస్సు వేళ దాటిపోతోంది. పాప తన్నుతూనే ఉంది. దించి పోవచ్చు. దించలేదు.