కొల్లేటి పడవలో కవిగారు

పోయినవారం మా అమ్మాయి ఫోను తెచ్చి నా ముఖం ముందు పెట్టి, "అమ్మా, ఈ గడ్డం తాతగారి జీవితం మీద కాలేజీలో రాసివ్వాలి, ఈయన గురించి నీకేమైనా తెలుసా?" అంది. చూద్దును కదా, పెద్ద టోపీ, నల్లటి పైవస్త్రం, గుండెల దాకా గడ్డం. విక్టోరియా మహారాణిగారి ఆస్థానకవి. తెలియకపోవడమేమిటి, మా బంధువుల్లో సగంమంది కన్నా ఈయనే నాకు బాగా తెలుసు. మా బాబాయి పెళ్ళి కొన్నాళ్ళపాటు ఆగిపోయింది ఈయన మూలంగానే.

బాబాయి ఏలూరులో ఇంగ్లీషు లెక్చరరు. డిగ్రీ చదువుకోవడానికి నేను వాళ్ళింట్లోనే, నాయనమ్మ దగ్గర ఉండేదాన్ని. ఆ కవిగారంటే బాబాయికి ప్రాణం. అన్నం తింటూ ఆయన కబుర్లే చెప్పేవాడు. కవిగారికి చూపు ఆనేది కాదట. అభిమానులంటే హడలట. ఒకసారి దూరంగా వస్తున్న గొర్రెలమందను చూసి, తనను చూడ్డానికి జనం వస్తున్నారనుకుని ఇంట్లోకి పరుగెత్తాడట. ఇంటికొచ్చిన అతిథులను కూర్చోబెట్టి తన కావ్యాలు గంటలకొద్దీ చదివి వినిపించేవాడట. ఈ చివరి గుణం ఒక్కటీ మా బాబాయికి పూర్తిగా అబ్బింది. సాయంత్రం పూట వరండాలో నిలబడి, గొంతు బాగా కిందికి దించి, తల ఊపుతూ చదివేవాడు. నాయనమ్మ బీరకాయలు తరుగుతూ వినేది. "ఏం చెప్తున్నాడో తెలీదు గానీ, పాపం, ఎవరికో పెద్ద కష్టమే వచ్చుంటుందే" అనేది. కాలేజీలో మాత్రం చదివేవాడు కాదు. చేరిన కొత్తలో ఒకసారి చదివితే క్లాసంతా విరగబడి నవ్విందట. అప్పట్నుంచి నోట్సు చెప్పి వచ్చేసేవాడు.

అలాంటి బాబాయికి తాడేపల్లిగూడెంలో సంబంధం కుదిరింది. పిల్ల తండ్రి ఉల్లిపాయల వ్యాపారి. పిల్ల బళ్ళో లెక్కలు చెప్పేది. నిశ్చయతాంబూలాలు అయిపోయాయి. ఇక ముహూర్తమే అనుకుంటుంటే, బాబాయి "తొందరేముంది" అనడం మొదలుపెట్టాడు. మేమడిగినా, గూడెం వాళ్ళడిగినా, కవిగారు నిశ్చితార్థమయ్యాక కూడా ఏళ్ళకేళ్ళు ఆగి, నలభై దాటాకే పెళ్ళి చేసుకున్నాడని చెప్పేవాడు. నాయనమ్మ ఆ కవిగారిని తిట్టని తిట్టు లేదు. "వాడి గడ్డం తగలెయ్య, వాడికి ఆడపిల్లల తల్లిదండ్రుల ఉసురు తగలదూ!" అనేది. శ్రావణం దగ్గరపడింది. తణుకు నుంచి ఇంకో సంబంధం వచ్చిందనీ, ఈ నెల దాటితే అటే మాట్లాడుకుంటామనీ గూడెం నుంచి కబురు వచ్చింది. బాబాయి ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు. తినలేదు గానీ, సరే అని కూడా అనలేదు.

ఆ వారంలోనే, ఏదో ట్రైనింగుకని ఏలూరు వచ్చిన ఆ పిల్ల తిన్నగా మా ఇంటికే వచ్చేసింది. నాయనమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, గ్లాసు కింద పెట్టి, బాబాయి వైపు తిరిగింది.

"ఏవండీ, ఆ కవిగారి జీవితచరిత్ర నేనూ తెప్పించుకుని చదివానండీ. ఆయన ఆగింది చేతిలో డబ్బు లేకండీ. పిల్ల తండ్రికి ఇష్టం లేకండీ. మీకా, ఉద్యోగం ఉంది. మా నాన్నగారా, వంటలకని మంచి ఉల్లిపాయలు విడిగా ఏరించి పెట్టేశారు. మరి మీకు వచ్చిన ఇబ్బందేంటండీ?"

బాబాయి గోడ వైపు తిరిగి, "నేను పద్యం చదివితే అందరూ నవ్వుతారండీ. ఇంట్లో కూడా నవ్వితే ఇంక ఎక్కడ చదువుకోనండీ?" అన్నాడు. అంత చిన్న గొంతుతో బాబాయి మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

ఆ పిల్ల నవ్వలేదు. "ఆదివారం మేం కొల్లేటికోట అమ్మవారి దర్శనానికి వెళ్తున్నామండీ. మీరూ రండి. పుస్తకం తెచ్చుకోండి" అని లేచి వెళ్ళిపోయింది.

వెళ్ళాం. దర్శనమయ్యాక పడవ మాట్లాడుకుని సరస్సులోకి బయల్దేరాం. ఆ పిల్లా, వాళ్ళ నాన్నగారూ ఒక పక్క, నేనూ బాబాయీ ఒక పక్క. దూరంగా చెట్లనిండా గూడబాతులు. గుర్రపుడెక్క పూలు పూసి నీళ్ళు ఊదారంగుగా ఉన్నాయి. బాబాయి లేచి నిలబడ్డాడు. చచ్చిపోయిన ప్రాణస్నేహితుడి కోసం కవిగారు రాసుకున్న పెద్ద కావ్యం తీశాడు. గొంతు కిందికి దించి మొదలుపెట్టాడు. నీటిమీద ఆ గొంతు ఎంత దూరం పోయిందో గానీ, గూడబాతులన్నీ ఒక్కసారిగా లేచాయి. పడవవాడు గెడ వెయ్యడం మానేసి, "అయ్యగారికి ఒంట్లో బాలేదాండీ? ఒడ్డుకి పోనిచ్చేయమంటారా?" అన్నాడు.

గూడెం పెద్దమనిషి మాత్రం కండువా సర్దుకుని శ్రద్ధగా విని, "ఎవరు పోయారండీ, మాస్టారూ?" అని అడిగారు.

"కవిగారి స్నేహితుడండీ."

"అయ్యయ్యో. ఎప్పుడండీ?"

"నూరేళ్ళు దాటిందండీ."

"నూరేళ్ళా! ఇంకా తేరుకోలేదన్నమాట, పాపం!"

అంతే, ఆ పిల్ల పక్కున నవ్వింది. నోటికి పైట అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. పడవ అంచు పట్టుకుని నవ్వుతుంటే పడవంతా ఊగింది. బాబాయి పుస్తకం మూసి కూర్చున్నాడు. తణుకు సంబంధం ఖాయమైపోయిందనుకున్నాను.

ఆమె కళ్ళు తుడుచుకుని, "మిమ్మల్ని చూసి కాదండీ, మా నాన్నగారి మాటకి నవ్వొచ్చింది. మా నాన్నగారికి తెలుగులో చెప్పండి. స్నేహితుడు పోయాక ఆయనేం చేశారండీ?" అంది.

బాబాయి పుస్తకం తెరవలేదు. నీళ్ళ వైపు చూస్తూ చెప్పాడు. కుర్రతనంలోనే, ఎక్కడో పరదేశంలో ఆ స్నేహితుడు హఠాత్తుగా పోయాడనీ, శవాన్ని ఓడలో తీసుకొచ్చారనీ, ఆ దుఃఖాన్ని కవిగారు ఏళ్ళతరబడి ముక్కలు ముక్కలుగా రాసుకున్నాడనీ, ఎవరికి చూపించాలన్నా భయపడ్డాడనీ, ఆ కావ్యం అచ్చయిన ఏడాదే పెళ్ళి చేసుకున్నాడనీ. గొంతు మామూలుగానే ఉంది. పడవ ఎటో కొట్టుకుపోతున్నా పడవవాడు పట్టించుకోలేదు. పెద్దమనిషి కండువాతో ముక్కు తుడుచుకుని, "మావయ్యా అని పిలవండి, అల్లుడుగారూ. ముహూర్తం ఎప్పుడు పెట్టుకుందామండీ?" అన్నారు.

బాబాయి ఆమె వైపు చూశాడు. "చదవడం అయ్యాక మాట్లాడుకోండి నాన్నగారూ. మధ్యలో ఆపేశారాయన" అందామె. బాబాయి మళ్ళీ లేచి నిలబడి చదివాడు. ఈసారి ఎవరూ నవ్వలేదని చెప్పలేను. పడవవాడు నవ్వాడు, నేనూ నవ్వాను. బాబాయి మాత్రం ఆపలేదు.

శ్రావణంలో పెళ్ళయింది. ఉల్లిపాయలు ఎంత ఎక్కువ తెప్పించారంటే, కార్తీకం వచ్చి తినడం మానేసేదాకా మా ఇంట్లో రోజూ అదే కూర. కాలేజీలో కూడా బాబాయి మళ్ళీ పైకి చదవడం మొదలుపెట్టాడు. పిల్లలు నవ్వితే, నవ్వు సద్దుమణిగేదాకా ఆగి, ఆపిన చోటి నుంచి అందుకునేవాడు. ఇప్పుడు రిటైరయ్యాడు. సాయంత్రాలు పిన్ని సీరియల్ కట్టేసి ఎదురుగా కూర్చుంటుంది. ఒక్కోసారి వింటూ వింటూ కునికిపాట్లు పడుతుంది గానీ, ఆయన ఒక పంక్తి ఎగరగొడితే మాత్రం కళ్ళు తెరుస్తుంది. ఏళ్ళు అందరికీ ఒకేలా గడిచిపోతాయి. మన మాటను ఎవరో కూర్చుని విన్న కాసిని ఘడియలే, ఎందుకో, ఎప్పటికీ గడిచిపోవు.