కుప్ప చావలేదు

మేకుల మేస్త్రీకి ఆ పేరు పెట్టింది తోటి కూలీలే. ఆయన జేబులో ఎప్పుడూ నాలుగు ఇనుప మేకులు, ఒక దారపు ఉండ ఉండేవి. ఇరవై రెండేళ్ళుగా రాగి గనిలో రాతి కుప్ప మీదే ఉద్యోగం. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఏమిటో ఆ గనిలో చూడాలి. నూరు బస్తాల రాయి పిండితే అర బస్తా రాగి కూడా రాదు. అంత పేద రాయిని కొలిమిలో పెడితే బొగ్గు ఖర్చు కూడా రాదు కనుక, దాన్ని నలగ్గొట్టి, కింద ప్లాస్టిక్ పట్టా పరిచి, కుప్ప పోసి, పైనుంచి సన్నటి గొట్టాలతో ఆమ్లం కలిపిన నీళ్ళు నెలల తరబడి చుక్కచుక్కగా వదులుతారు. ఆ నీళ్ళు రాగిని కరిగించుకుని అడుగున కాలువలోకి నీలంగా దిగుతాయి. అందులో మేకు వేలాడదీస్తే రాగి పట్టి ఎర్రబడుతుంది. మేస్త్రీకి ల్యాబు అదే.

ఏడాదిగా కాలువలో నీలం పలచబడింది. కొత్త మేనేజరు లెక్క తేల్చేశాడు.

"పెద్దాయనా, కుప్ప చచ్చిపోయింది. మూసేద్దాం."

మూస్తే ముప్పై మంది ఇంటికి పోవాలి, మేస్త్రీతో సహా. ఆయన కుప్పను మోకాలి లోతు తవ్వి, ఆ తడిలో మేకు గుచ్చి, ఎర్రబడ్డాక తెచ్చి బల్ల మీద పెట్టాడు. "రాయి ఇంకా రాగి వదుల్తోందండీ. ఎక్కడో పోతోంది."

"ఎక్కడో చూపించు మరి. నెల గడువు."

ఆ నెలంతా ఆయన తిండి కూడా సరిగ్గా తినలేదు. గొట్టాలు విప్పాడు, కాలువలు తవ్వాడు, దొంగలున్నారేమోనని కాపు కాశాడు.

ఇంట్లో భార్యది వేరే గోల. కుప్ప వెనకే వాళ్ళ వీధి, వీధి మొత్తానికి ఒకటే బావి. "ఈ నీళ్ళు తాగితే నోరంతా చిలుము తిన్నట్టుంటోందయ్యా. కడుపులో తిప్పుతోంది," అని ఆమె ఏడాదిగా చెబుతూనే ఉంది. మేస్త్రీ నాలుక ఆమ్లం ఆవిరికి ఎప్పుడో మొద్దుబారింది. పైగా ఆయన తాగేది పనిలో ఇచ్చే ఫిల్టరు నీళ్ళు. "రాగి చెంబులో నీళ్ళని జనం కొనుక్కుని మరీ తాగుతున్నారు, నీకు ఉచితంగా వస్తున్నాయి," అని ఎగతాళి చేసి, తన హాస్యానికి తానే నవ్వుకున్నాడు. పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అన్నారా!

గడువు ఇంకా రెండు రోజులుందనగా ఆమె బావి గట్టు మీదే వాంతి చేసుకుంది. "నీ కుప్పే ఈ నీళ్ళను పాడు చేసింది," అంది. ఆయనకు ఒళ్ళు మండింది. తన కుప్పను ఎవరైనా ఒక మాటంటే పడేవాడు కాదు. ఆమె నోరు మూయించడానికే బకెట్టు నీళ్ళు తోడి, మేకు వేసి, "పొద్దున్నే చూద్దువుగాని," అన్నాడు.

తెల్లారి చూస్తే మేకు ఎర్రగా ఉంది.

నిజం చెప్పాలి: ఆ క్షణాన ఆయనకు కలిగింది సంతోషమే. పట్టా ఎక్కడో చిరిగి రాగి నీళ్ళు భూమిలోకి దిగుతున్నాయి. కుప్ప చావలేదు, తన మాటే నెగ్గింది. ఆమె ఇంకా పడుకునే ఉంది. ఆమెను లేపలేదు. చొక్కా గుండీలు పెట్టుకుంటూనే ఆఫీసుకు పరుగెత్తాడు.

మేనేజరు భుజం తట్టాడు. పట్టా బాగు చేయాలంటే కుప్పంతా ఎత్తాలి, అది అయ్యే పని కాదు. బావికే పంపు బిగించి ఆ నీళ్ళను రాగి తీసే ఫ్యాక్టరీకి తోడేస్తే సరిపోతుందన్నాడు. వీధికి ట్యాంకరు వస్తుందట. పంపు దగ్గర కాపలా మేస్త్రీకే. ముప్పై మంది ఉద్యోగాలూ నిలిచాయి.

మధ్యాహ్నం ఇంటికొచ్చి ఆమెకు ఆ శుభవార్త చెప్పాడు. ఆమె అప్పటికే ఆ నీళ్ళతోనే వంట చేసి, ఆ నీళ్ళే తాగి, మళ్ళీ వాంతి చేసుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. అంతా విన్నాక నెమ్మదిగా అడిగింది.

"పొద్దున్నే తెలిసిందా?"

"తెలిసింది."

"ఒక్క మాట చెప్పి వెళ్తే తాగకుండా ఉండేదాన్ని కదయ్యా."