పసుపు పాదాల మీద ఎవరూ అడుగు వేయలేదు

నాకు ముక్కు మీద కోపమని మా అవ్వ అంటుంది. అది నీ నుంచే వచ్చిందని నేనంటాను. కడపలో ఒక కంటి ఆసుపత్రికి మొదటిసారి ఒంటరిగా వచ్చినప్పుడు ఆమె పరీక్ష గది అనుకుని మందుల కిటికీ ముందు సగం రోజు కూర్చుంది. గోడల నిండా బోర్డులే, కానీ అవ్వకు చదువు రాదు. ఎవరినైనా అడగొచ్చు కదా అంటే నా మీదే ఎగిరింది. "అడిగితే ముసిల్దానికి సదువు రాదని నలుగురికీ తెల్దా?" మళ్ళీ ఆ ఆసుపత్రి గడప తొక్కనని ఒట్టు పెట్టుకుని తన ఊరు కమలాపురం వెళ్ళిపోయింది. ఒక కంట్లో పొర అప్పటికే ఆపరేషన్ చేయాల్సినంత ముదిరింది.

నలుగురూ తిరిగే చోట్ల దారి చూపే బొమ్మలు గీయడం నా పని. ఊళ్ళోవాళ్ళందరికీ దారి చూపిస్తూ సొంత అవ్వ దారి తప్పితే ఊరుకుంటానా? ఆ ఆసుపత్రి పెద్ద డాక్టరు గారి ముందు కూర్చుని, చదువు రానివాళ్ళు కూడా ఎవరినీ అడగకుండా లోపలికి వెళ్ళేలా చేస్తానని గొప్పలు పోయాను. ఆయన వారం గడువిచ్చారు. "జనానికి పనికి రాకపోతే నువ్వే తుడిచిపెట్టాల," అని రంగు చెరిపే థిన్నర్ డబ్బా కూడా తెప్పించి స్తంభం పక్కన పెట్టించారు.

గేటు నుంచి పరీక్ష గది వరకు నేల మీద వరసగా పాదాలు గీశాను. బూడిద రంగు బండల మీద మసక కళ్ళకు కూడా కనబడాలని పసుపు రంగు వేశాను. ఎంత తెలివైనదాన్నో! గడపకు పసుపు రాసే ఇంట్లో పుట్టి పెరిగి, పసుపు పాదాలు గీస్తే ఏమవుతుందో నాకు తట్టనే లేదు.

సోమవారం మొదట వచ్చినామె చెప్పులు విడిచి, వంగి, పాదాన్ని తాకి కళ్ళకద్దుకుంది. తర్వాత గోడకు ఆనుకుని పక్కగా నడిచింది. ఆమె వెనక వాళ్ళూ అంతే. పది గంటలకల్లా పాదాలకు కుంకుమ బొట్లు, ఒకదాని మీద చామంతి పువ్వు! "తొక్కండమ్మా, తొక్కేదానికే గీసినా," అని నేను మొత్తుకుంటుంటే ఊడ్చే ఆమె బుగ్గలు నొక్కుకుంది.

"అమ్మోరి పాదాలు తొక్కమంటావేంది పాపా, నీకేమన్నా పిచ్చా?"

అవి దారి చూపే గుర్తులని ఎవరికీ తట్టలేదు; జనం ఎటు పోవాలో తెలియక మళ్ళీ మందుల కిటికీ దగ్గరే గుంపు కట్టారు. వారమంతా అదే తంతు. "గుడి కట్టినావు కదమ్మా," అని డాక్టరు గారు పడీపడీ నవ్వారు. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆదివారం ఒక్కరోజు ఇవ్వండని కాళ్ళావేళ్ళా పడ్డాను.

ఆ ఆదివారం బొట్లు కడిగి, తప్పయిపోయిందని మనసులో మొక్కుకుని, ప్రతి పాదాన్నీ హవాయి చెప్పుగా మార్చేశాను. తెల్ల అట్ట, నీలం పట్టీలు. చెప్పులకు ఎవరు మొక్కుతారు చెప్పండి!

ఒట్టు తీసి గట్టున పెట్టమని బతిమాలి మరునాడు అవ్వను రప్పించాను. గేటు దగ్గర ఆమెను వదిలి, స్తంభం చాటున దాక్కున్నాను. డాక్టరు గారు కూడా వచ్చి నా పక్కన నిలబడ్డారు. అవ్వ చెప్పుల బొమ్మను చాలాసేపు చూసింది. చూసి, తన చెప్పులు దాని పక్కనే విడిచింది. వెనక ఉన్న ఇద్దరూ విడిచారు. చెప్పులు విడిచే చోటనుకున్నారు! అయిపోయిందిరా దేవుడా అని నేను థిన్నర్ డబ్బా వైపు చూశాను.

అంతలో అవ్వ చీర కుచ్చిళ్ళు కొంచెం ఎత్తి, కుడికాలు తీసి బొమ్మ చెప్పులో పెట్టింది. తర్వాత ఎడమ కాలు. "ఆసుపత్రోళ్ళు చెప్పులిచ్చినారు, ఏసుకోండి మే!" అని వెనకవాళ్ళను కేకేసి, తొక్కుడుబిళ్ళ ఆడే పిల్లలా ఒక్కో చెప్పులో కాలు పెట్టుకుంటూ పరీక్ష గది తలుపు దాకా పోయింది. అక్కడ తిరిగి అరిచింది.

"ఎవుర్నీ అడగలా నేను!"

నేను స్తంభం పట్టుకుని గంతులేశాను, సిగ్గు లేకుండా.

కళ్ళలో చుక్కలు వేయించుకుని బయటికొచ్చి మళ్ళీ ఆగిపోయింది. "చెప్పులన్నీ లోపలికే చూస్తాండాయి. బయటికి పొయ్యేవి యాడుండాయి?" అవి గీయడమే మరిచిపోయాను! నేను పరుగెత్తి చెయ్యి పట్టుకోబోతే విదిలించి, అవే చెప్పుల్లో వెనక్కి వెనక్కి నడిచింది. వరసంతా ఒకటే నవ్వు. డాక్టరు గారు థిన్నర్ డబ్బా నా చేతికిచ్చి, ఇక దీంతో పని లేదు, ఇంటికి ఎత్తుకుపొమ్మన్నారు.

గేటు దగ్గర అవ్వ తన చెప్పులు తొడుక్కుంటూ నా వైపు చూసింది.

"ఆపరేషన్‌కు నువ్వు రావద్దులే. నేనే వస్తా."